పులుసుకు సరిపడే సీసా: తక్కువ ధరలో మంచి వైన్‌ను గుర్తించే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వైన్ కొనడం ఇప్పటికీ అరుదైన పనే. పండగకో, పెళ్లిరోజుకో, విదేశం నుంచి వచ్చిన బంధువు గౌరవార్థమో ఒక సీసా కొంటారు. కొనేటప్పుడు ఎక్కువమంది చూసేది రంగు, ధర మాత్రమే. ఎర్రగా ఉండాలి, కాస్త ఖరీదుగా ఉండాలి అన్నదే లెక్క. ఈ లెక్క ఉత్తరాంధ్ర భోజనానికి, ఇక్కడి వాతావరణానికి దాదాపు పూర్తిగా ఎదురు తిరుగుతుంది. చింతపండు, బెల్లం, ఎండుమిరప, ఆవపిండి కలిసే ఈ వంటకు మధ్యస్థ ధరలో దొరికే తాజా తెల్ల వైన్, రోజా రంగు వైన్, తేలికపాటి చల్లని రెడ్ వైన్ నప్పినంతగా, అంతకు రెట్టింపు ధర పలికే ముదురు రెడ్ నప్పదు. అందువల్ల ఇక్కడ పెట్టిన డబ్బుకు తగిన వైన్ ఏదన్న ప్రశ్నకు సమాధానం ధరల పట్టికలో కాక, ముందుగా కంచంలో వెతకవలసి ఉంటుంది.

మొదట ఒక కొలతను పక్కన పెట్టాలి. రూపాయికి ఎంత మత్తు అన్న లెక్కలో వైన్ ఎప్పటికీ నెగ్గదు, నెగ్గనవసరం కూడా లేదు. 750 మిల్లీలీటర్ల సీసాలో 12.5 శాతం ఆల్కహాల్ ఉంటే అది దాదాపు 94 మిల్లీలీటర్లు. 150 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే ఐదు గ్లాసులు వస్తాయి. నలుగురు కలిసి భోజనంతో పాటు ఒక గంటసేపు తాగే పానీయం అది. 21 ఏళ్లు నిండినవారు, మితంగా, తిండితో పాటు తాగేదిగానే ఈ చర్చ అంతా సాగుతుంది. ఆ గంటలో కూర రుచి పెరిగిందా, గ్లాసు మళ్లీ అందుకోవాలనిపించిందా అన్నవే ఇక్కడ విలువకు కొలతలు.

సీసా ధరలో నిజంగా వైన్‌కు దక్కే వాటా ఎంతో తెలిస్తే చాలా భ్రమలు తొలగిపోతాయి. గాజు సీసా, బిరడా, లేబులు, అట్టపెట్టె, దేశంలో వైన్ ఎక్కువగా తయారయ్యే నాసిక్ నుంచి ఇక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైబడిన లారీ రవాణా, ఇవన్నీ చవక సీసాకూ ఖరీదైన సీసాకూ దాదాపు సమానమే. కాబట్టి మరీ చవక సీసాలో ద్రాక్ష మీద పెట్టిన ఖర్చు అత్యల్పంగా ఉంటుంది. అక్కడి నుంచి ఒక మెట్టు పైకి వెళ్తే, పెరిగిన ధరలో చెప్పుకోదగ్గ భాగం ద్రాక్ష నాణ్యతకే చేరుతుంది. ఇంకా పైకి వెళ్లేకొద్దీ ధర పెరిగే కారణాలు మారతాయి. ఓక్ చెక్క పీపా అందులో ముఖ్యమైనది. 225 లీటర్ల ఫ్రెంచ్ పీపా నిండా పట్టే వైన్ 300 సీసాలకే సరిపోతుంది, ఆ పీపా ఖరీదు, అందులో నెలల తరబడి నిల్వ ఉంచినందుకు ఆగిపోయిన పెట్టుబడి ఆ మూడు వందల సీసాల మీదే పడతాయి. పీపా ఇచ్చే వెనిలా వాసన, పొగ వాసన, అదనపు వగరు కొన్ని భోజనాలకు గొప్పగా అమరుతాయి. చేపల పులుసుకు అవి అక్కరలేదు. అక్కరలేని రుచికి డబ్బు కట్టడమే అసలైన దండగ.

పన్నుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మద్యం మీద పన్ను విధించే అధికారం రాష్ట్రాలది కనుక ఒకే నాసిక్ వైన్ మహారాష్ట్రలో ఒక ధర, ఆంధ్రప్రదేశ్‌లో మరో ధర పలుకుతుంది. ముంబయి, బెంగళూరు వారు తయారు చేసే ‘చవక, మంచి’ జాబితాలు శ్రీకాకుళంలో అక్షరాలా పనికిరావు. దిగుమతి వైన్‌ల మీద 150 శాతం కస్టమ్స్ సుంకం చాలాకాలంగా ఉంది. ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం 2022 డిసెంబరు 29న అమలులోకి వచ్చాక, ఐదు డాలర్లకు తగ్గని దిగుమతి ధర ఉన్న ఆ దేశపు సీసాల మీద సుంకం 100 శాతానికి, పదిహేను డాలర్లు దాటిన వాటి మీద 75 శాతానికి దిగింది. పదేళ్లలో ఇవి వరుసగా 50, 25 శాతానికి చేరాలన్నది ఒప్పందం. అయినా విదేశీ సీసాకు కట్టే సొమ్ములో పెద్ద భాగం సుంకమేనన్న మాట నిలిచే ఉంది. అదే ధరకు దొరికే భారతీయ వైన్‌లో ద్రాక్షకు దక్కే వాటా సహజంగానే ఎక్కువ. ఈ ఒక్క కారణంతోనే మధ్యస్థ ధరల్లో మొదటి చూపు నాసిక్, నంది కొండలు, షోలాపూర్ జిల్లాలోని అక్లూజ్ ప్రాంతాల వైన్‌ల మీద ఉండడం న్యాయం.

ఇక కంచం దగ్గరికి వద్దాం. ద్రాక్షలో ప్రధానమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. తినే పండ్లలో ఇది ఇంత ప్రధానంగా ఉండేవి చాలా కొద్ది; వాటిలో మరొకటి చింతపండు. అంటే వంజరం పులుసులోని పులుపూ గ్లాసులోని పులుపూ చాలావరకు ఒకే కుదురువి. పులుపు బాగా ఉన్న తిండి తిన్న వెంటనే నాలుకకు వైన్‌లోని పులుపు తగ్గినట్టు తోస్తుంది. వైన్‌లో పులుపు మొదటే తక్కువగా ఉంటే అది పులుసు తరవాత చప్పబడి, నీళ్లు కలిపిన పండ్లరసం స్థాయికి పడిపోతుంది. కాబట్టి పులుసు తినే ఇంట్లో వైన్‌కు ఉండవలసిన మొదటి గుణం గట్టి పులుపు. ఈ గుణం చల్లని రాత్రుల్లో పండి, వేళకు ముందే కోసిన తెల్ల ద్రాక్షకు సహజంగా ఉంటుంది, దానికోసం పెద్ద ధర పెట్టనక్కరలేదు.

రెండోది తీపి. ఉత్తరాంధ్ర ఇళ్లలో గుమ్మడికాయ పులుసులోనే కాక చాలా పులుసుల్లో బెల్లం ముక్క పడుతుంది. తీపి ఉన్న తిండి వైన్‌లోని పులుపునూ చేదునూ పైకి లేపుతుంది, పండ్ల వాసనను అణిచివేస్తుంది. కనుక ఏమాత్రం తీపి లేని వైన్ ఇక్కడ గరుకుగా అనిపించడానికి కారణం తాగేవారి అనుభవలేమి కాదు, బెల్లం. వైన్‌లో కొద్దిగా సహజమైన చక్కెర మిగిలి ఉంటే ఆ గరుకు పోతుంది. తీపి వైన్ నాసిరకమనీ, తీపి లేనిదే నాగరికమనీ ఒక అభిప్రాయం పట్టణాల్లో పాతుకుపోయింది. బెల్లం వేసిన పులుసుకు అది పూర్తిగా తప్పుడు సలహా.

మూడోది కారం, దానితో వగరు. మిరపలోని క్యాప్సైసిన్ నోటిలోని వేడిని గుర్తించే గ్రాహకాలను రేపుతుంది. ఆల్కహాల్ అవే గ్రాహకాలను మరింత సున్నితం చేస్తుంది. అందువల్ల 14 శాతం దాటిన రెడ్ వైన్ కారం కూరతో మంటను పెంచుతుందే తప్ప చల్లార్చదు. దాని మీద ద్రాక్ష తోలు, గింజల నుంచి వచ్చే టానిన్ల వగరు తోడవుతుంది. ఉద్దానంలో పచ్చి జీడిమామిడి పండు కొరికినవారికి ఈ వగరు వేరే వివరించనక్కరలేదు: నాలుక దళసరిగా మారి, బుగ్గలు లోపలికి లాగినట్టయ్యే ఆ పట్టుకు అక్కడా కారణం టానిన్లే. మాంసం కొవ్వుతో, ఉప్పుతో ఆ పట్టు సడలుతుంది; ఎండుమిరప, ఆవ ఘాటుతో మాత్రం బిగుసుకుంటుంది. అందుకే ఆవ పెట్టిన పనసపొట్టు కూర పక్కన ఓక్ పీపాలో ఏళ్లు గడిపిన కాబర్నే సావిన్యోఁ అనే ముదురు రెడ్ పెట్టడం రెండింటికీ అన్యాయం.

చేపల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. రెడ్ వైన్‌లలో కొంచెం ఎక్కువగా ఉండే ఇనుము చేపనూనెలతో కలిసినప్పుడు నోట్లో నీచు వాసన మిగులుతుందని ప్రయోగాల్లో తేలింది. కానాగంతల వంటి నూనె చేపలకు, ఎండు మెత్తళ్లకు ఇది మరీ వర్తిస్తుంది.

ఈ మూడు కొలతలూ పెట్టి చూస్తే మొదటి స్థానం చెనిన్ బ్లాంక్‌దే. ఫ్రాన్స్‌లోని లువార్ నది ఒడ్డున పుట్టి, దక్షిణాఫ్రికాలో విస్తరించి, నాసిక్‌లో బాగా కుదురుకున్న తెల్ల ద్రాక్ష ఇది. వేడి ప్రాంతంలో పండినా పులుపు నిలుపుకోవడం దీని గొప్ప గుణం. సులా కంపెనీ చెనిన్‌లో కొద్దిపాటి తీపి తెలుస్తూ ఉంటుంది; ఫ్రాటెల్లి, యార్క్, గ్రోవర్ వంటి వారి చెనిన్‌లు కూడా దొరికితే పక్కపక్కన పోల్చదగ్గవి. దీన్ని రుచి చూసే తీరు కూడా చెప్పుకోవాలి. మొదట ఒక గుక్క విడిగా తాగితే జామ, బొప్పాయి, పచ్చి ఆపిల్ గుర్తుకు తెచ్చే వాసన, నోటి పక్కల నీరూరించే పులుపు తెలుస్తాయి. ఆ తరవాత వేడి అన్నంలో చేపల పులుసు కలిపి రెండు ముద్దలు తిని మళ్లీ ఒక గుక్క తాగితే, ఇందాకటి పులుపు వెనక్కి తగ్గి పండ్ల రుచి ముందుకు వస్తుంది, మిరప మంట ఒక్క క్షణం ఆగి నెమ్మదిస్తుంది. తరవాత వచ్చే ముద్దలో చేప రుచి మొదటి ముద్దలో కంటే స్పష్టంగా ఉంటే ఆ సీసా తన ధరను పూర్తిగా చెల్లించినట్టే. విడిగా తాగినప్పుడు అద్భుతంగా ఉండి పులుసు తరవాత చప్పబడిన సీసాకు, ఎంత పేరున్నా, ఈ భోజనంలో తక్కువ మార్కులే వేయాలి.

సావిన్యోఁ బ్లాంక్ రెండో తెల్ల రకం. పచ్చిగడ్డి, నిమ్మతొక్క, పచ్చిమిరప వాసనలు దీని ముద్ర. తీపి దాదాపు ఉండదు కనుక బెల్లం వేయని వాటికే, అంటే రొయ్యల వేపుడుకూ నిమ్మరసం పిండిన చందువ వేపుడుకూ ఇది అమరుతుంది. విదేశీ సీసాల్లో ఖర్చు తగ్గించుకునే సాధారణ సూత్రం ఒకటి ఈ ద్రాక్షతో బాగా అర్థమవుతుంది: లువార్ లోయలోనే పేరుమోసిన సాన్సేర్ ప్రాంతపు సావిన్యోఁకూ, అదే నది దిగువన తురేన్ ప్రాంతపు సావిన్యోఁకూ ద్రాక్ష ఒకటే, ధరలో మాత్రం పెద్ద తేడా. పేరున్న ఊరిని వదిలి పొరుగూరి సీసా అందుకోవడం ప్రపంచంలో ఎక్కడైనా చెల్లే ఉపాయం.

నురుగు వైన్‌లు ఈ భోజనానికి ఎంత బాగా నప్పుతాయో, ఇక్కడ అంత తక్కువగా గుర్తించబడ్డాయి. వాటి బుడగలు, పులుపు కలిసి వేపుడు నూనెను నాలుక మీది నుంచి కడిగేస్తాయి. చికెన్ పకోడీ, వేపిన పలాస జీడిపప్పు, ఉప్పు చల్లిన రొయ్యలు ఏవైనా సరే వీటి ముందు తేలికపడతాయి. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో రెండో పులియబెట్టడం సీసాలోనే జరిపి కనీసం 15 నెలలు ఉంచాలి; స్పెయిన్ నురుగు వైన్ కావాకు అదే పద్ధతి, గడువు మాత్రం 9 నెలలు. శ్రమ ఒకటే అయినా పేరు మారగానే ధర సగానికి పైగా దిగుతుంది. నాసిక్ జిల్లా దిండోరిలో తయారయ్యే షాన్‌డన్, సులా బ్రూట్ రెండూ సీసాలో పులియబెట్టే ఆ పద్ధతివే. లేబులు మీది ఒక మాట మాత్రం చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ‘బ్రూట్’ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర, ‘ఎక్స్‌ట్రా డ్రై’ అంటే 12 నుంచి 17 గ్రాములు. పేరుకు విరుద్ధంగా రెండోదే తియ్యన, బెల్లం పులుసు ఉన్న రోజు అదే కొనాలి.

రోజా రంగు వైన్‌లను ఇక్కడి మగవారు చాలామంది రంగు చూసి తోసిపుచ్చుతారు, అది నష్టమే. ఎర్ర ద్రాక్ష తోలును కొన్ని గంటలు మాత్రమే రసంలో నానబెట్టి తీసేస్తారు కనుక వగరు తక్కువ, స్ట్రాబెర్రీ, దానిమ్మ వాసనలు ఎక్కువ. ఒకే బల్ల మీద చేప, కోడి, వంకాయ మూడూ ఉన్నప్పుడు అన్నిటికీ సర్దుకునే సీసా ఇదొక్కటే. సులా జిన్‌ఫండెల్ రోజేలోని కొద్ది తీపి ఉల్లికారం కోడికూరతో చక్కగా కుదురుతుంది.

రెడ్ వైన్ పూర్తిగా మానుకోవాలని కాదు. నాటుకోడి ఇగురు, మటన్ వేపుడు వంటి వాటికి రెడ్ అవసరమే, అయితే ఎంపిక మారాలి. పీపా వాసన బలంగా లేని షిరాజ్, టెంప్రనియో, సాంజొవీస్ వంటి ఎర్ర ద్రాక్షలతో చేసినవి, 13 శాతం అటూ ఇటూ ఆల్కహాల్ ఉన్నవి, కోసి రెండు మూడేళ్లు దాటనివి మేలు. ఫ్రాటెల్లి సాంజొవీస్ ఈ వర్గంలో గమనించదగ్గది. ఫ్రాన్స్ బోజొలే ప్రాంతంలో గామే ద్రాక్షతో చేసే రెడ్‌ను 13 డిగ్రీల దగ్గర చల్లగా తాగడం అక్కడి అలవాటే. పీపాలో పెట్టిన రిజర్వ్ షిరాజ్ ఒకటి కొనాలనే ఉంటే, మసాలా దట్టించిన మాంసానికి దాన్ని కేటాయించి, చేపల రోజున ఫ్రిజ్ పక్కకే వదిలేయడం మంచిది.

తీపి వైన్‌ల గురించి క్లుప్తంగా. దేశీయంగా ‘పోర్ట్’ అన్న పేరుతో అమ్మే అతి చవక తీపి రెడ్‌లకూ పోర్చుగల్‌లోని డౌరో లోయలో ద్రాక్ష స్పిరిట్ కలిపి దాదాపు 20 శాతానికి బలపరిచే అసలు పోర్ట్‌కూ సంబంధం లేదు. వాటిలో తీపి తప్ప వెతకడానికి మరేమీ ఉండదు. మిఠాయితో తాగే వైన్ మిఠాయి కంటే తియ్యగా ఉండాలన్నది నియమం. ఆలస్యంగా కోసిన చెనిన్‌తో చేసే తీపి వైన్ చిన్న గ్లాసుడు, భీమాలి మామిడి తాండ్ర పక్కన, తాండ్రలోని పులుపు వల్ల ఈ నియమానికి సులువుగా లోబడుతుంది.

ఎంత బాగా ఎంచుకున్నా సీసా చెడిపోయి ఉంటే లాభం లేదు, ఈ జిల్లాల్లో ఆ ప్రమాదం నిజమైనది. ఏసీ లేని గదిలో, పై అరలో, రెండు వేసవులు గడిపిన తెల్ల వైన్ తన వాసనలన్నీ పోగొట్టుకుని ఉడికించిన పండులా మారుతుంది. అందుచేత లేబులు మీద ముందుగా చూడవలసింది కోత సంవత్సరం. భారతదేశంలో వైన్ ద్రాక్షను జనవరి, మార్చి నెలల మధ్య కోస్తారు. యూరప్‌లో కోత ఆగస్టు తరవాతే. కాబట్టి ఒకే సంవత్సరం అంకె ఉన్న నాసిక్ సీసా ఫ్రెంచ్ సీసా కంటే అర ఏడాది పాతది. తేలికపాటి తెల్ల, రోజా వైన్‌లకు మూడేళ్లు దాటితే ధర తగ్గించినా వద్దనడమే ఉత్తమం. బిరడా పైకి ఉబికినా, మూత కింద జిగురు చారలు కనిపించినా అది వేడికి వ్యాకోచించి కారిన సీసా అని అర్థం. మరచుట్టు మూత ఉన్న సీసాలను చవకవని చిన్నచూపు చూడకూడదు. నిలువుగా నిలబెట్టి అమ్మే దుకాణాల్లో ఎండిపోయే బెండు బిరడా కంటే అదే నమ్మకమైనది, తడి గోనెసంచి వాసన తెచ్చే బిరడా దోషం కూడా దానికి రాదు. శీతాకాలంలో, సరుకు త్వరగా అమ్ముడుపోయే దుకాణంలో కొనడం ఏ బ్రాండు సలహా కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. రకాలు ఎక్కువ కావాలంటే విశాఖపట్నం వెళ్లవలసిందే, తిరుగు ప్రయాణంలో సీసాను కారు డిక్కీలో కాక మనుషులు కూర్చునే చోట పెట్టుకోవాలి.

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలన్న మాట 16, 18 డిగ్రీల యూరప్ గదుల గురించి పుట్టింది. మే నెలలో శ్రీకాకుళం గది అందుకు రెట్టింపు వేడి. ఆ వేడిలో ఆల్కహాల్ ముక్కుకు ఘాటుగా తగులుతుంది, మంచి వైన్ కూడా నాసిగా తోస్తుంది. బకెట్‌లో ఐసు, నీళ్లు కలిపి రెడ్‌ను పావుగంట, తెల్లదాన్ని అరగంట ముంచితే చాలు. ఐసు మాత్రమే వేస్తే సీసాకు అంతగా తగలదు గనుక నీళ్లు తప్పనిసరి. ఈ ఒక్క జాగ్రత్త చవక సీసాను మరో మెట్టు పైకి తీసుకువెళ్తుంది.

ఏ సీసా మంచిదో తేల్చేటప్పుడు ధర తెలియకుండా ఉండడం అన్నిటికన్నా ముఖ్యం. 2008లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు భాగం పంచుకున్న ఒక ప్రయోగంలో ఒకే వైన్‌ను ఒకసారి 5 డాలర్లదనీ మరోసారి 45 డాలర్లదనీ చెప్పి ఇచ్చారు. ఎక్కువ ధర విన్నప్పుడు అది మరింత బాగుందని చెప్పడమే కాక, సుఖానుభూతికి సంబంధించిన మెదడు భాగంలో చురుకు కూడా పెరిగింది. అంటే ధర నాలుకను నిజంగానే ప్రభావితం చేస్తుంది, కావాలని ఎవరూ అబద్ధమాడడం లేదు. అందుకు విరుగుడుగా ఇంట్లో సులువుగా చేయదగ్గ పరీక్ష ఒకటి ఉంది. రెండు సీసాలను వార్తాపత్రికతో చుట్టి, ఒకే రకం గాజు గ్లాసులు మూడు తీసుకుని, రెండింటిలో ఒక వైన్‌నూ మూడోదానిలో మరో వైన్‌నూ నాలుగు చెంచాల చొప్పున పోయాలి. పోసినవారు కాక ఇతరులు రుచి చూసి వేరుగా ఉన్నదేదో చెప్పాలి. ఊహించి చెప్పినా మూడుసార్లలో ఒకసారి నిజమవుతుంది కాబట్టి గ్లాసుల వరుస మార్చి మూడుసార్లు చేయాలి. మూడుసార్లూ అదృష్టవశాన సరిపోవడానికి ఉన్న అవకాశం 27లో ఒకటి. తేడా పట్టుకోలేకపోతే ఆ ఇంటికి ఖరీదైన సీసా అవసరం లేదు. పట్టుకోగలిగితే అప్పుడే ఏది ఇష్టమో అడగాలి, అదీ కూర తిన్న తరవాత.

మిగిలిన వైన్‌ను మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే తెల్లది మూడు నాలుగు రోజులు, రెడ్ రెండు మూడు రోజులు, నురుగుది ఒక రోజు తన గుణం నిలుపుకుంటాయి; అందుకే ఇద్దరే ఉన్న ఇంట్లో ఒకే ధరకు నురుగు సీసా కంటే చెనిన్ సీసా ఎక్కువ భోజనాలకు అక్కరకు వస్తుంది.